బొందలగడ్డ మీద పులి అడుగు

ఏటా అక్టోబరు 15, 16 తేదీల్లో చంద్రపూర్ దీక్షాభూమికి వెళ్లి వచ్చేవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. 1956 అక్టోబరు 14న నాగ్‌పూర్‌లో లక్షల మందికి ధమ్మ దీక్ష ఇచ్చిన బాబాసాహెబ్, రెండు రోజులకు, అంటే అక్టోబరు 16న, చాందాకు వచ్చి అక్కడి ప్రజలకు కూడా దీక్ష ఇచ్చారు. ఆ చాందానే ఇప్పటి చంద్రపూర్. ఆ తర్వాత రెండు నెలలు నిండకుండానే, డిసెంబరు 6న ఆయన మహాపరినిర్వాణం చెందారు. అందుకే ఆ ఊరు మనకు ఎంతో ముఖ్యమైంది.

కాజీపేట నుంచి బల్లార్షా రైలెక్కితే రామగుండం, మంచిర్యాల, బెల్లంపల్లి, కాగజ్‌నగర్ దాటి చంద్రపూర్ చేరతాం. ఈ దారిలో చాలా చోట్ల నేల కింద బొగ్గే. కొత్తగూడెం నుంచి గోదావరి వెంబడి, ప్రాణహిత వెంబడి, వార్ధా నది లోయ దాకా ఒకే పట్టీగా సాగిన బొగ్గు అది. ఇటువైపు తవ్వేవాళ్లూ అటువైపు తవ్వేవాళ్లూ ఒకే పట్టీకి రెండు కొసల దగ్గర ఉన్నారు. చంద్రపూర్, బల్లార్‌పూర్ ఊళ్లలో మన తెలుగు కుటుంబాలు కూడా చాలా ఉన్నాయి. కాబట్టి ఈ రోజు చెప్పుకోబోయేది పరాయి ఊరి ముచ్చట కాదు.

చంద్రపూర్ పక్కనే దుర్గాపూర్ ఉంది. అక్కడ బొగ్గు గనులున్నాయి, వాటి పక్కనే ఒక పెద్ద థర్మల్ విద్యుత్ కేంద్రం ఉంది. గనుల చుట్టూ తవ్వి పోసిన మట్టి గుట్టలున్నాయి. ఆ గుట్టల మీద మొలిచిన పొదల్లో పులులు తిరుగుతున్నాయి, పిల్లల్ని పెడుతున్నాయి, చిరుతలు కాపురం ఉంటున్నాయి. చచ్చిన నేల అనుకున్న చోటికి అడవిలోకెల్లా పెద్ద వేట జంతువు వచ్చి చేరింది. ఇది సంతోషించాల్సిన విషయమా, భయపడాల్సిన విషయమా? బౌద్ధుడు దీన్ని ఎట్లా చూడాలి? ఈ పున్నమికి మనం ఆలోచించాల్సింది ఇదే.

భారం అన్నది ఎవరు?

ముందు ఆ గుట్టల సంగతి తెలుసుకుందాం. ఓపెన్ కాస్ట్ గనిలో బొగ్గు తీయాలంటే పైనున్న మట్టినీ రాతినీ మొత్తం లేపాలి. షావెళ్లతో ఎత్తి డంపర్లతో మోసి పక్కన పోస్తారు. ఆ మట్టిని గని భాషలో ఓబీ అంటారు, ఓవర్ బర్డెన్. మాటకు మాట చెప్పుకుంటే పైన ఉన్న భారం అని. తెలంగాణ బొగ్గు ఊళ్లలో జనం ఇంకో మాట అన్నారు. ఊళ్లను మింగి, చేలను మింగి మిగిలిన ఆ గుంతల్నీ గుట్టల్నీ చూసి బొందలగడ్డలు అన్నారు.

ఒక్క క్షణం ఆగి ఆలోచించండి. ఆ మట్టి ఎవరికి భారం? దాని మీద జొన్న పండించుకున్న రైతుకు అది అన్నం పెట్టిన నేల. ఇప్ప పువ్వు ఏరుకున్న ఆదివాసీ తల్లికి అది బతుకు. ఆ మట్టిలో కాపురమున్న వానపాముకు అది ఇల్లు. కింది బొగ్గు కావాల్సినవాళ్ల దృష్టి పడ్డ రోజున మాత్రం అదే మట్టి భారమైంది. మట్టి గుణం మారలేదు, చూసేవాడి అవసరం మారింది.

ఈ సంగతి మనకు కొత్త కాదు. ఊరికి అన్నం పెట్టిన చేతుల్నే ఊరికి భారమన్నారు, మైల అన్నారు, ఊరి బయటికి నెట్టారు. ఏ వస్తువుకూ ఏ మనిషికీ పుట్టుకతో హీనత్వం ఉండదనీ, అది ఎవరి లాభం కోసమో అంటగట్టిన పేరనీ తథాగతుడు చెప్పాడు. ఆ సత్యాన్ని బాబాసాహెబ్ మన చేతికి అందించాడు. అందుకే ఎవరైనా ఒకదాన్ని పనికిరానిది అంటే మనం వెంటనే తలూపకూడదు. పనికిరానిదని ఎవరంటున్నారు, దేనికోసం అంటున్నారు అని అడగాలి.

చచ్చిన నేలకు ప్రాణం ఎట్లా వచ్చింది?

కొత్తగా పోసిన మట్టి గుట్ట నిజంగానే మొండిది. నేల పైపొర అంటే జానెడు మందం మట్టే కావచ్చు, కానీ కోటానుకోట్ల సూక్ష్మజీవులు బతికేది అందులోనే. ఆ పైపొరను విడిగా దాచి మళ్లీ పరచకపోతే, లోతుల్లోంచి లేపిన రాతిముక్కలే పైకి వస్తాయి. వాటిలో నత్రజని ఉండదు, కుళ్లిన ఆకు ఉండదు, నీరు నిలవదు. ఎండాకాలంలో చంద్రపూర్‌లో ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. నల్లరాయి పెనంలా కాలుతుంది. వాన పడితే మట్టి జారి వాగుల్లో కలుస్తుంది. అలాంటి చోట విత్తనం పడ్డా మొలక నిలవదు.

అలాంటి గుట్ట మీద పచ్చదనం ఎవరి దయ వల్లా రాలేదు. ఎవరో మంత్రం చదివితే రాలేదు. కొబ్బరికాయ కొడితే రాలేదు. కారణాలు ఒక్కొక్కటిగా కూడితే వచ్చింది.

నాగ్‌పూర్‌లో నీరి అనే జాతీయ పర్యావరణ పరిశోధన సంస్థ ఉంది. అక్కడి శాస్త్రజ్ఞులు మాంగనీసు గనుల, బొగ్గు గనుల మట్టి గుట్టల మీద ఏళ్ల తరబడి పనిచేశారు. వాళ్లు చేసింది వినండి. చక్కెర మిల్లుల్లో చెరకు రసం వడకట్టాక మిగిలే ప్రెస్‌మడ్ అనే చెత్తను తెచ్చి గుట్ట మట్టిలో కలిపారు. మొక్కల వేళ్లకు మేలు చేసే సూక్ష్మజీవుల్ని చేర్చారు. వాటిలో రైజోబియం అనే బాక్టీరియా ఉంది. అది చిక్కుడు జాతి చెట్ల వేళ్ల మీద బుడిపెలు కట్టి, గాలిలోని నత్రజనిని చెట్టుకు ఆహారంగా మార్చి ఇస్తుంది. మైకోరైజా అనే శిలీంధ్రం ఉంది. అది వేరుకు అందని దూరం నుంచి భాస్వరాన్ని, తేమను దారాల్లాంటి తన పోగులతో లాగి తెచ్చిస్తుంది. బదులుగా చెట్టు తన ఆకుల్లో వండిన చక్కెరను వాటికి పంచుతుంది. ఇవేవీ మన కంటికి కనబడవు. ఇవి లేకుండా చెట్టు నిలబడదు.

ఒక చోట పారేసిన చెత్త ఇంకో చోట పారేసిన మట్టికి మందయ్యింది చూడండి.

వేప, కానుగ, సిస్సూ, వెదురు, సుబాబుల్ లాంటివి గని ప్రాంతాల్లో మనుషులు నాటుతారు. నాటకుండానే వచ్చేవీ ఉంటాయి. సర్కారు తుమ్మ వస్తుంది. మనవాళ్లు పులికంప అనే లాంటానా వస్తుంది. గడ్డి వస్తుంది. గడ్డి వస్తే మిడత వస్తుంది, చీమ వస్తుంది, చెద వస్తుంది. మిడత కోసం పిట్ట వస్తుంది. పిట్ట రెట్టలో ఇంకో చెట్టు విత్తనం వస్తుంది. కౌజు, నెమలి, కుందేలు, ముంగిస చేరతాయి. తవ్వి వదిలేసిన గుంతలో వాననీరు నిలిస్తే కప్ప వస్తుంది, కొంగ వస్తుంది, దాహానికి అడవిపంది వస్తుంది. పంది ఉన్నచోటికి ఒకరోజు పులి కూడా వస్తుంది.

ఇదే తథాగతుడు చెప్పిన ప్రతీత్యసముత్పాదం. ఏదీ ఒంటరిగా పుట్టదు. ఒకదాన్ని ఆనుకొని ఇంకొకటి పుడుతుంది, ఆ ఆధారం పోతే ఇదీ పోతుంది. పుస్తకంలో చదివితే కష్టంగా అనిపించే ఈ సూత్రం మట్టి గుట్ట మీద పిల్లలకు కూడా అర్థమవుతుంది. పులిని చూసి అబ్బురపడేవాడు, దాని వెనకాల చిక్కుడు జాతి చెట్టు వేళ్ల మీది ఆ చిన్న బుడిపెను కూడా తలుచుకోవాలి. సంఘం కూడా ఇట్లాగే నిలబడుతుంది. వేదిక మీద కనిపించేవాళ్ల వల్ల మాత్రమే విహారం నడవదు. చాపలు పరిచేవాళ్లూ, నీళ్లు మోసేవాళ్లూ, రాత్రి బడిలో పిల్లలకు అక్షరాలు దిద్దించేవాళ్లూ ఉంటేనే నడుస్తుంది.

పచ్చబడితే తప్పు మాసిపోతుందా?

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. చూడండి, పులే వచ్చింది, ఇంకేం కావాలి, గని వల్ల నష్టమేం జరగలేదు అని అనేవాళ్లు ఉంటారు. ఆ మాట నమ్మకండి. సర్కారు తుమ్మ పొద పాత అడవి కాదు. ఇరవై ఏళ్ల గుట్ట, వందల ఏళ్ల టేకు, మద్ది, ఇప్ప చెట్ల అడవికి సమానం కాదు. ఊరు పోయినవాళ్లకు ఊరు తిరిగి రాలేదు.

అంగుళిమాలుడి కథ గుర్తు చేసుకోండి. అతను తథాగతుడి మాట విని కత్తి పారేశాడు, భిక్షువయ్యాడు, మనసు పూర్తిగా మారింది. అయినా భిక్షకు వెళ్లినప్పుడు జనం రాళ్లు విసిరారు. నెత్తురు కారుతుండగా తిరిగి వచ్చాడు. మార్పు నిజమే. చేసినదాని ఫలితమూ నిజమే. ఒకటి రెండోదాన్ని తుడిచేయదు.

చంద్రపూర్ జిల్లాలోనే ఘుగ్గుస్ అనే బొగ్గు ఊరు ఉంది. 2022 ఆగస్టులో అక్కడ ఒక ఇల్లు ఉన్నట్టుండి భూమిలోకి కుంగిపోయింది. కింద పాత భూగర్భ గని ఉంది. ఎప్పుడో తవ్వినవాళ్లు వెళ్లిపోయారు, తవ్విన ఖాళీ మాత్రం అక్కడే ఉండిపోయింది. కర్మ అంటే ఇదీ. పోయిన జన్మ లెక్కలు కాదు. చేసిన పనికి ఈ లోకంలోనే, ఈ నేల మీదే, చేసినవాడికో పక్కవాడికో తర్వాతి తరానికో తగిలే ఫలితం. అందుకే బాబాసాహెబ్ తన "బుద్ధుడు, ఆయన ధమ్మం" గ్రంథంలో పూర్వజన్మ కర్మ సిద్ధాంతాన్ని ఒప్పుకోలేదు. పేదవాడి పేదరికానికి వాడి గత జన్మే కారణమని చెప్పడానికే ఆ సిద్ధాంతం పనికొస్తుందని ఆయన గుర్తించారు.

పులి మనిషిని చంపినప్పుడు

ఇప్పుడు కష్టమైన చోటికి వద్దాం.

2022 ఫిబ్రవరిలో ఆ థర్మల్ కేంద్రం ఆవరణలో, రాత్రి పని ముగించుకొని ఇంటికి వెళ్తున్న ఒక కాంట్రాక్టు కార్మికుణ్ణి పులి చంపింది. ఒకటి రెండు రోజుల తేడాలోనే దుర్గాపూర్‌లో పదహారేళ్ల కుర్రవాణ్ణి చిరుత ఎత్తుకుపోయింది. మన వైపు కూడా జరిగింది. 2020 నవంబరులో కుమురం భీం ఆసిఫాబాద్ జిల్లా దహెగాం మండలంలో ఒక యువకుణ్ణి, అదే నెలలో పెంచికల్‌పేట మండలంలో పత్తి ఏరుతున్న ఒక అమ్మాయిని పులి పొట్టనబెట్టుకుంది.

చచ్చిపోయినవాళ్లు ఎవరో గమనించండి. పత్తి ఏరే అమ్మాయి. రాత్రి షిఫ్టు కార్మికుడు. వేసవి వస్తే చంద్రపూర్ జిల్లాలో ఇప్ప పువ్వుకూ తునికాకుకూ తెల్లవారుజామునే అడవికి వెళ్లే తల్లులు. కారులో కూర్చొని ఫోటోలు తీసుకునే సఫారీ యాత్రికుణ్ణి పులి చంపిందని మనం వినం. పులికి కులం తెలియదు, నిజమే. కానీ పులి ఎదురయ్యే చోట ఎవరు నిలబడి ఉండాలో మన సమాజం ముందే నిర్ణయించి పెట్టింది.

ఇలాంటప్పుడు మూడు మాటలు వినిపిస్తాయి. మూడూ ధమ్మానికి దూరమైనవే.

మొదటి మాట, వాడి కర్మ అట్లా ఉంది అని. దీనికి జవాబు పైనే చెప్పుకున్నాం. ఆ దారిలో దీపం లేకపోవడం ఏ జన్మ కర్మ?

రెండో మాట, ఆ పులులన్నిటినీ కాల్చి పారేయాలి అని. ఇది భయంలోంచి వచ్చిన మాట. బిడ్డను పోగొట్టుకున్న తండ్రి అంటే అర్థం చేసుకోగలం. కానీ ఆ మాటనే మన సిద్ధాంతం చేసుకోలేం. పులి పగబట్టి రాలేదు. ఎదిగిన పులిపిల్ల రెండేళ్లు నిండేసరికి తల్లి హద్దు విడిచి తన సొంత చోటు వెతుక్కోవాలి. తాడోబా అడవి ఇప్పటికే పులులతో నిండి ఉంది. బయటికి వచ్చిన పులికి మనుషులు పెద్దగా తిరగని, పొదలున్న, నీళ్లున్న, పందులు దొరికే మట్టి గుట్ట కనిపించింది. బతకడానికి వచ్చింది. బతకడానికి ఊరు వదిలి వలస వచ్చినవాణ్ణి దొంగలా చూస్తే ఎట్లా ఉంటుందో మనకు తెలుసు.

మూడో మాట మెత్తగా ఉంటుంది కాబట్టి మరీ ప్రమాదం. పులి గొప్పది, జాతీయ జంతువు, పేదలే కాస్త సర్దుకోవాలి అని. కొందరు దీనికి బౌద్ధ కథనే సాక్ష్యం తెస్తారు. ఆర్యశూరుడి జాతకమాలలో మొదటి కథ అది. ఆకలితో తన పిల్లల్నే తినబోతున్న ఆడపులిని చూసి బోధిసత్వుడు కొండ మీది నుంచి దూకి తన శరీరాన్నే ఆహారంగా ఇస్తాడు.

ఆ కథను జాగ్రత్తగా చదవండి. బోధిసత్వుడు ఇచ్చింది తన శరీరాన్ని. పక్కనున్న శిష్యుణ్ణి తోయలేదు. దారిన పోయే కూలివాణ్ణి చూపించి వీణ్ణి తిను అనలేదు. శిష్యుణ్ణి ఆహారం వెతకడానికి దూరంగా పంపించి, తన ఇష్టంతో, తన చేతిలో ఉన్నదాన్ని ఇచ్చాడు. అందుకే అది దానం. జీతం కోసం చీకట్లో నడిచి వచ్చే కార్మికుడు ఏ దానమూ చెయ్యలేదు. అతని ప్రాణం అతని దగ్గర్నుంచి లాక్కోబడింది. తన ఒంటి మీది వెంట్రుక కూడా ఇవ్వనివాడు ఇంకొకరి ప్రాణాన్ని పులికి ధారపోసి దానికి త్యాగం అని పేరు పెడితే, అది ధమ్మం కాదు.

కరుణ దగ్గర ఆగకూడదు

మరి బౌద్ధుడి మాట ఏది? బాబాసాహెబ్ రెండు మాటలకు తేడా చూపించారు. కరుణ మనుషుల పట్ల ప్రేమ. మైత్రి అంతకన్నా విశాలం, ప్రాణమున్న ప్రతిదాని పట్ల ప్రేమ. తథాగతుడు కరుణ దగ్గరే ఆగిపోకుండా మైత్రి దాకా వెళ్లమన్నాడని ఆయన వివరించారు. దీక్ష తీసుకున్న రోజు మనం చేసిన 22 ప్రతిజ్ఞల్లో పదమూడోది కూడా ఇదే. అన్ని ప్రాణుల పట్ల దయ చూపుతామనీ, వాటిని కాపాడతామనీ మనం మాట ఇచ్చాం. అన్ని ప్రాణులు అన్నప్పుడు అందులో పులి ఉంది. కాంట్రాక్టు కార్మికుడూ ఉన్నాడు. ఒకరిని తీసేసి ఇంకొకరిని ఉంచే అధికారం మనకు లేదు. మైత్రి విశాలమవ్వాలంటే కరుణను దాటి వెళ్లాలి కానీ తొక్కి వెళ్లకూడదు.

పులి మనుషుల్ని చంపడం మరిగితే అప్పుడు కూడా మొక్కుతూ కూర్చోవాలా? లేదు. ఇక్కడ కూడా బాబాసాహెబ్ దారి చూపించారు. అహింస కళ్లు మూసుకొని పాటించే నియమం కాదు, ఆలోచించి నడుచుకోవాల్సిన సూత్రం అన్నారు. చంపాలనే కోరిక వేరు, చంపక తప్పని అవసరం వేరు అని విడదీశారు. ఈ తేడా మన చట్టంలో కూడా కనిపిస్తుంది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టంలోని 11వ సెక్షన్, మనుషుల ప్రాణాలకు ముప్పుగా మారిన జంతువు విషయంలో రాష్ట్ర ప్రధాన వన్యప్రాణి అధికారికి నిర్ణయం తీసుకునే వీలిచ్చింది. ముందు పట్టి వేరే చోటికి తరలించగలమా అని చూడాలి. ఏదీ కుదరనప్పుడే చివరి మాట. విషం పెట్టిన కళేబరం, కరెంటు తీగ, నాటు తుపాకీ ఇవేవీ అవసరం కిందికి రావు. కరెంటు తీగకు పులే కాదు, తెల్లారి చేనుకు వచ్చే మన అన్న కూడా బలవుతాడు.

రోహిణి నది ఒడ్డున అడిగిన ప్రశ్న

శాక్యులకూ కోలియులకూ రోహిణి నది నీళ్ల కోసం గొడవ వచ్చింది. శాక్య సంఘం యుద్ధం అంది. యువకుడైన సిద్ధార్థుడు ఒక్కడే నిలబడి వద్దన్నాడు. తప్పు ఎవరిదో విచారించండి, రెండు వైపుల నుంచీ మనుషుల్ని కూర్చోబెట్టి తేల్చండి అన్నాడు. సంఘం వినలేదు. ఇల్లు విడిచి వెళ్లడానికైనా ఒప్పుకున్నాడు కానీ యుద్ధానికి ఒప్పుకోలేదు. బాబాసాహెబ్ రాసిన బుద్ధ చరిత్రలో గృహత్యాగానికి కారణం ఇదే. ముసలివాణ్ణీ శవాన్నీ చూసి బెదిరి వెళ్లిపోవడం కాదు.

పులికీ మనిషికీ మధ్య కూడా అదే ప్రశ్న అడగాలి. గొడవ ఎందుకొచ్చింది? దుఃఖం ఉందని ఒప్పుకొని, కారణం వెతికి, ఆ కారణాన్ని తీసేసే దారి పట్టడమే కదా మన ధమ్మం.

గని అంచున ఉన్న బస్తీని ఒకసారి మనసులో నడిచి చూడండి. ఇళ్ల గోడల దాకా సర్కారు తుమ్మ పొదలున్నాయి. దారిలో దీపాలు లేవు. ఇంట్లో మరుగుదొడ్డి లేక, ఉన్నా నీళ్లు రాక, చీకటితో బయటికి వెళ్లాల్సిన ఆడవాళ్లున్నారు. చెత్త ఎత్తరు కాబట్టి కుక్కలూ పందులూ మూగుతాయి. వాటి కోసం చిరుత వస్తుంది. గ్యాసు సిలిండరు నింపించే డబ్బుల్లేక కట్టెలకు పొదల్లోకి వెళ్లే తల్లి ఉంది. వంగి కట్టె ఏరే మనిషి, కూర్చున్న మనిషి, పులి కళ్లకు మనిషిలా కనబడడు, నాలుగు కాళ్ల జంతువులా కనబడతాడు.

ఇందులో పులి చేసినది ఎంత, మునిసిపాలిటీ చేయనిది ఎంత? గని అధికారులు చేయనిది ఎంత? లెక్క కట్టండి. ఇళ్లకు వంద గజాల దాకా పొదలు కొట్టించాలి, గుట్ట మీది పొదల్ని పులికి వదిలేయాలి. దారికి దీపాలు పెట్టాలి. రాత్రి షిఫ్టు కార్మికులకు బండి పెట్టాలి. ఇవి చేస్తే మనిషీ బతుకుతాడు, పులీ బతుకుతుంది. మైత్రికి ఇంత చిన్న చిన్న పనులు కావాలి. వీధి దీపం కూడా ధమ్మంలో భాగమే.

అశోకుడు దీన్ని అర్థం చేసుకున్నాడు. కర్నూలు జిల్లా ఎర్రగుడి బండల మీద ఆయన శాసనాలు ఇప్పటికీ ఉన్నాయి. మనుషులకూ పశువులకూ ఇద్దరికీ వైద్యం ఏర్పాటు చేశాననీ, మందు మొక్కలు లేనిచోట తెప్పించి నాటించాననీ, దారుల వెంట బావులు తవ్వించి చెట్లు పెట్టించాననీ ఆయన చెక్కించాడు. ప్రాణుల పట్ల ప్రేమ ఉంటే అది రాజ్యం చేసే ఏర్పాట్లలో కనబడాలని ఆయనకు తెలుసు. ప్రేమ ఉందని చెప్పి ఏర్పాటు చేయని రాజ్యాన్ని మనం అడగాలి.

మన ఊళ్లో మన పని

రామగుండం, మందమర్రి, భూపాలపల్లి, కొత్తగూడెం, ఇల్లందు వైపు ఉన్న ఉపాసకులారా, మీ ఊళ్ల దగ్గర కూడా ఓబీ గుట్టలున్నాయి. ఈ పున్నమి వందనం అయ్యాక విహారంలో కూర్చొని ఈ పనులు మాట్లాడుకోండి.

ఒకటి. పిల్లల్ని పగటిపూట, పెద్దల తోడుతో, అనుమతి ఉన్న చోటి నుంచి ఒక పాత గుట్టను చూపించండి. మొదట గడ్డి, తర్వాత పురుగు, తర్వాత పిట్ట, అట్లా వరసగా ఏమేం కనిపించాయో రాయించండి. ప్రతీత్యసముత్పాదం వాళ్లకు ఆ కాగితం మీదే అర్థమవుతుంది. నీళ్లున్న గుంతల దగ్గరికి మాత్రం తీసుకుపోకండి. ఆ ఒడ్లు జారుతాయి.

రెండు. పులి అడుగులు కనిపించాయని ఎవరైనా చెబితే, గుంపుగా వెళ్లి వెంటపడకండి, ఫోన్లతో మూగకండి. వెంటనే అటవీ శాఖకు చెప్పండి. చీకటి వేళల్లో ఒంటరిగా వెళ్లవద్దని ఇంటింటికీ చెప్పండి.

మూడు. అడవి జంతువు వల్ల మనిషి పోయినా, పశువు పోయినా, పంట పోయినా ప్రభుత్వ పరిహారం ఉంటుంది. అది దయ కాదు, హక్కు. చదువుకున్న యువకులు ఆ కుటుంబం వెంట నిలబడి పంచనామా, దరఖాస్తు, కాగితాలు పూర్తయ్యేదాకా వదలకండి. ఏడుస్తున్న ఇంటికి ఓదార్పు మాటతో పాటు నిండిన దరఖాస్తు కూడా తీసుకెళ్లండి.

నాలుగు. గనులు ఇంకా తవ్వుతున్న చోట, పైపొర మట్టిని విడిగా దాచారా, గుట్ట మీద ఏ చెట్లు నాటుతున్నారు, ఊరి కట్టెలకూ మేతకూ పనికొచ్చేవి అందులో ఉన్నాయా అని గ్రామసభలో అడగండి. నిర్వాసితులకు ఇస్తామన్న ఇళ్లూ ఉద్యోగాలూ ఇచ్చారా అని అదే సభలో, అదే గొంతుతో అడగండి. చెట్టు గురించి అడిగేవాడు మనిషి గురించి మర్చిపోకూడదు. మనిషి గురించి అడిగేవాడు చెట్టును చిన్నచూపు చూడకూడదు.

ఉపాసకులారా, ఉపాసికలారా, ఆ బొగ్గు కూడా ఒకప్పుడు అడవే. పాతిక కోట్ల ఏళ్ల కిందటి అడవి మట్టిలో పూడి బొగ్గయింది. బొగ్గును తవ్వితే గుంత అయింది, గుట్ట అయింది. గుట్ట మీద పొద మొలిచింది, పొదలోకి పులి వచ్చింది. ఏదీ ఉన్నట్టు ఉండిపోదు. అనిత్యం అంటే పోవడం ఒక్కటే కాదు, మంచికి మారే వీలు కూడా. ఈ మాట మీద నమ్మకంతోనే 1956లో మన పెద్దలు పాత బానిస బతుకును వదిలి కొత్త దారి పట్టారు. మార్పు తనంతట తాను మంచివైపు పోదు. కారణాలు మనం కూర్చాలి. నేలకు ప్రెస్‌మడ్, వేరుకు సూక్ష్మజీవి, బస్తీకి దీపం, పిల్లకు అక్షరం, బాధితుడికి తోడు. ఇవి కూర్చినచోట బొందలగడ్డ కూడా బతుకుతుంది. దాని అంచున ఉన్న మనిషీ భయం లేకుండా నిద్రపోతాడు. రెండూ జరిగిన రోజే పదమూడో ప్రతిజ్ఞ నిలబెట్టుకున్నట్టు.

నమో బుద్ధాయ. జై భీమ్.